పిరుదుల బిగువుకు ఏ వ్యాయామాలు ఎంచుకోవాలి?

శ్రీకాకుళంలో ఇంట్లోనే ఉంటూ పిరుదులకు బిగువు, ఆకృతి తేవడమెలా అని అడిగారు. సేతుబంధాసనంతో మొదలుపెట్టండి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, మడమలతో నేలను నొక్కుతూ నడుము ఎత్తాలి. పైన రెండు సెకన్లు పిరుదులు బిగించాలి. తొడ వెనుకే లాగుతోందా? మడమలను పిరుదులకు కాస్త దగ్గరికి జరపండి. 12 సార్లు సులువైపోతే పొత్తికడుపు మీద చిన్న బియ్యం సంచి పెట్టుకోండి. ఉత్త గుంజీలు వందలు తీసి విసిగిపోయేవారిని చూశాను, పెంచాల్సింది బరువు. 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన మన కరణం మల్లీశ్వరికి దన్నుగా నిలిచిన వాటిలో ఈ కండరాలూ ఉన్నాయి. పక్క భాగానికి, ఒక పక్కకు పడుకుని పై కాలు ఎత్తడం చాలు. వారానికి రెండు మూడు రోజులు చేయండి. కొవ్వు మాత్రం అక్కడొక్కచోటే కరగదు.