కొటేషన్‌లో పై వేరియంట్, ఇంటికొచ్చింది కింది వేరియంట్

ప్రశ్న: మాది పలమనేరు. టమాటా చిత్తూరుకు తోలడానికి అమ్మ నగలు కుదువపెట్టి, ఫైనాన్సులో చిన్న పికప్ ట్రక్కు కొన్నాను. నేనే నడుపుతాను. షోరూమువాళ్లు పవర్ స్టీరింగ్, ఏసీ ఉన్న వేరియంట్‌కు డబ్బు కట్టించుకుని అవేవీ లేని బండి ఇచ్చారు. డెలివరీ నోట్‌పై చూడకుండా సంతకం పెట్టాను. ‘మార్చి ఇస్తాం’ అంటూ ఇరవై నెలలు తిప్పారు. మొగిలి ఘాట్ మలుపుల్లో స్టీరింగ్ తిప్పి భుజాలు పడిపోతున్నాయి. కొటేషన్ పోయింది. వాయిదాలు ఆపేస్తే దిగివస్తారా?

జవాబు: వాయిదాలు పొరపాటున కూడా ఆపకండి. అప్పు ఇచ్చినవారికి, షోరూము తప్పుకు సంబంధం లేదు. బండిని పట్టుకుపోతారు. అప్పుడు వినియోగదారుల కమిషన్‌కు చూపించడానికి మీ దగ్గర బండే ఉండదు.

నగల సంగతి, భుజాల నొప్పి అటుంచండి. ఏ వేరియంట్‌కు డబ్బు కట్టారు, ఇన్‌వాయిస్‌లో ఏ వేరియంట్ రాశారు? కేసంతా ఇక్కడే తేలుతుంది. మోడల్ పేరు ఒకటే అయినా చివరి ఒకటి రెండు అక్షరాల్లో వేలరూపాయల తేడా ఉంటుంది. లక్షలు పోసిన మనిషి స్టీరింగ్ ఒకసారి తిప్పి చూడకుండా ‘అన్నీ సరిగా అందాయి’ అన్న కాగితంపై సంతకం చేస్తారా? అవతలి వకీలు మొదట చూపించేది ఆ సంతకాన్నే.

దానికి విరుగుడు ఉంది. అప్పు మంజూరు కోసం షోరూము ఇచ్చిన కొటేషన్ ఫైనాన్స్ కంపెనీ ఫైలులో ఉంటుంది. రాతపూర్వకంగా అడిగి, ముద్ర వేసిన నకలు తీసుకోండి. ఛాసిస్ నంబరు రాసి, అది ఏ వేరియంటో చెప్పమని తయారీ కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. ‘మార్చి ఇస్తాం’ అన్న వాట్సాప్ సందేశాలు ఉంటే ఫోను మార్చకండి; భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రంతో దాఖలు చేయాలి.

ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ఇది. బండి చేతికొచ్చిన రోజు నుంచే లెక్కపెట్టుకోండి. వారి నోటిమాటలూ, మీరు పంపే నోటీసూ ఈ లెక్కను ఆపవు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే వీలుంది గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకండి. మీకు మిగిలింది నాలుగు నెలలే.

‘వ్యాపారానికి కొన్నాడు, వినియోగదారుడు కాడు’ అని వాదిస్తారు. స్వయంఉపాధితో బతుకుతెరువు కోసమే కొన్నవారికి చట్టం మినహాయింపు ఇచ్చింది. బండి మీరే నడుపుతున్నట్లు డ్రైవింగ్ లైసెన్సు, మండీ చీటీలు జతచేయండి. ఆ మాట ఫిర్యాదులో స్పష్టంగా రాయండి.

ఇరవై నెలలు తిరిగిన బండికి కొత్త బండి ఇమ్మని పట్టుబట్టడం కంటే, ధరలో తేడా, దానిపై వడ్డీ, పరిహారం, ఖర్చులు అడగండి. మీరుండే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల వరకు ఫీజు లేదు. 10 లక్షల వరకు 200 రూపాయలే. ముందు ఈ వారమే ఫైనాన్స్ ఆఫీసుకు వెళ్లి ఆ నకలు తెచ్చుకోండి.