రెండు బర్నర్ల స్టవ్ మీద పది మందికి ఉగాది వంట, మా ఇంట్లో ఎలా కుదిరిందంటే

సింగిల్ బెడ్‌రూం ఫ్లాట్, రెండు బర్నర్ల స్టవ్, చిన్న గట్టు, ఉగాదికి పది మంది వస్తున్నారు, ఇంట్లో వండగలమా లేక బయట ఆర్డర్ చెప్పేయాలా అని అడిగారు కదండీ. వండండి, కచ్చితంగా అవుతుంది. మేం మియాపూర్లో అలాంటి ఫ్లాట్లోనే ఉంటున్నాం, గట్టు మీద స్టవ్, మిక్సీ, వాటర్ ఫిల్టర్ పెట్టాక ఒక్క పళ్లెం పట్టేంత చోటు మిగుల్తుంది. అందులోనే 2025 ఉగాదికి తొమ్మిది మందికి వండి పన్నెండున్నరకల్లా విస్తళ్లు వేశాం.

కానీ మొదటిసారి, అంటే 2023లో, నాకస్సలు కుదర్లేదు. పొద్దున్న ఐదింటికి లేచి అన్నీ ఒకేసారి మొదలుపెట్టేశా. ఒక బర్నర్ మీద కుక్కర్, రెండోదాని మీద శనగపప్పు, పులిహోర పులుసు వాటి వెనకాల వెయిటింగ్, అప్పటికే గారెల పిండి రుబ్బేసి ఉప్పు కూడా వేసి పక్కన పెట్టేశా, అది పొయ్యి దగ్గర తన వంతు వచ్చేసరికి నీరు కారిపోయి నూనె పీల్చేసింది. సరే అని ఇండక్షన్ స్టవ్ పెడితే అదే టైంలో బాత్రూంలో గీజర్ ఆన్‌లో ఉంది, ఫ్లాట్ మొత్తం కరెంట్ ట్రిప్ అయింది. భోజనాలు రెండున్నరకి. మా మామయ్యగారికి షుగర్, టైంకి తినాలి, ఆయన ఒంటిగంటకి ఎవరినీ ఏమీ అనకుండా ఇంత పెరుగన్నం కలుపుకుని తినేసి పడుకున్నారు. పండగపూట ఇంటికి పిలిచి ఆయన చేత పెరుగన్నం తినిపించానే అని నాకు చాలా రోజులు బాధగా ఉండేది.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది ఏంటంటే మనకి కరువు చోటు కాదు, పొయ్యి. అది కూడా రోజంతా కాదు, పదకొండు నుంచి పన్నెండున్నర మధ్యలోనే. పండగ వంటల్లో వేడివేడిగా తినాల్సినవి నిజానికి మూడే, అన్నం, పప్పు, గారెలు. మిగతావన్నీ చల్లారినా బావుంటాయి, పులిహోరైతే నాలుగు గంటలు ఊరితేనే బావుంటుంది. అందుకని ముందు ఒక కాగితం మీద ఏ వంటకానికి పొయ్యి ఏ టైంలో కావాలో రాసుకోండి, ఆ గంటన్నరలో ఈ మూడూ తప్ప ఇంకేదీ రాకుండా చూస్కోండి.

ముందురోజు సాయంత్రం నేను చేసేవి: చింతపండు గుజ్జులో పసుపు, ఉప్పు, పచ్చిమిర్చి, కరివేపాకు వేసి నూనె తేలేదాకా ఉడికించి పులిహోర పులుసు సీసాలో పెట్టేస్తాను. బొబ్బట్లకి పూర్ణం కూడా అప్పుడే. అరకిలో శనగపప్పు, అరకిలో బెల్లం వేస్తే సుమారు పాతిక బొబ్బట్లు వస్తాయి. పప్పు వేళ్ల మధ్య నలిపితే మెత్తగా చితకాలి కానీ గిన్నెలో పలుకు పలుకుగానే కనపడాలి, అంతకన్నా ఉడికితే బెల్లం కలిపాక జారిపోతుంది. ఉడికాక నీళ్లు పూర్తిగా వంచెయ్యండి, ఆ కట్టు పారబొయ్యొద్దు, దాంట్లో చింతపండు రసం పోసి పోపు పెడితే మర్నాటికి కట్టు చారు రెడీ, ఇంకో కూర తలనొప్పి ఉండదు. మార్చి నెలాఖరు ఎండలకి పూర్ణం, కట్టు రెండూ ఫ్రిజ్‌లోనే పెట్టాలి. కూరగాయలు తరగడం, వేపపువ్వు నలిపి చెరగడం లాంటివి హాల్లో పేపర్ పరుచుకుని కింద కూర్చుని చేసెయ్యండి, గట్టు జోలికే వెళ్లక్కర్లేదు.

ముందురోజు వండినవి దేవుడికి పెట్టకూడదని మా అత్తగారి పట్టింపు, అది నాకూ ఇష్టమే. అందుకని పొద్దున్నే స్నానాలయ్యాక ఉగాది పచ్చడి, పరమాన్నం మాత్రం అప్పటికప్పుడు చేసి నైవేద్యం పెడతాం. పచ్చడికి పొయ్యే అక్కర్లేదు. పరమాన్నం ఒక్కటి జాగ్రత్త, అన్నం పాలల్లో బాగా ఉడికాక స్టవ్ కట్టేసి కాస్త చల్లారనిచ్చి అప్పుడు బెల్లం పాకం వడకట్టి పొయ్యండి, మరుగుతున్నప్పుడే పోస్తే పాలు విరిగిపోతాయి, మాకు ఒకసారి అలాగే అయింది.

ఏడున్నరకి ముప్పావు కిలో బియ్యం పులిహోరకి వండి, బేసిన్లో పరిచి, పసుపు నూనె వేసి ఆరబెట్టి కలిపేస్తే ఎనిమిదిన్నరకి దాని పని అయిపోయినట్టే. తర్వాత బొబ్బట్లు, ఇవి వంటగదిలో చెయ్యనే చెయ్యను. హాల్లో కింద చాప వేసి మా అత్తగారు కూర్చుంటారు, పక్కన ఇండక్షన్ స్టవ్, దాని మీద ఇనప పెనం (మామూలు అల్యూమినియం పెనం ఇండక్షన్ మీద వేడెక్కదు, ముందే చూస్కోండి). అరిటాకు ముక్కకి నూనె రాసి, పూర్ణం ఉండని పైపిండిలో పెట్టి మూసి, మూడు వేళ్లతో మధ్యలోంచి అంచుకి నెట్టుకుంటూ తడుతుంటే లోపలి పూర్ణం పసుపచ్చగా పైకి కనపడుతుంది కానీ చిరగదు, ఆకు పళంగా పెనం మీద బోర్లించి, రెండు క్షణాలు ఆగి ఆకు నెమ్మదిగా లాగేస్తారు. నేను చేస్తే అంచులు మందంగా వస్తాయి, ఆవిడవి మాత్రం కాగితాల్లా ఉంటాయి. పిల్లలు చుట్టూ చేరి చూస్తుంటారు, అదే నాకు అసలైన పండగ. కాల్చినవి గుడ్డ వేసిన హాట్ బాక్సులో పెడితే మధ్యాహ్నానికి ఇంకా మెత్తబడతాయి. ఇండక్షన్ నడిచినంతసేపు గీజర్ మాత్రం వెయ్యనివ్వొద్దు.

పదకొండింటికి వంటగదిలో పెద్ద కుక్కర్ ఎక్కించి కింద గిన్నెలో కందిపప్పు, పై గిన్నెలో అన్నం పెడతాను. మామిడికాయ ముక్కల్ని పప్పుతో కలపకుండా చిన్న గిన్నెలో విడిగా పెట్టండి, పులుపు తగిలితే పప్పు సరిగ్గా ఉడకదు, దించాక కలిపి పోపు పెట్టుకోవచ్చు. రెండో బర్నర్ ఇక గారెలకే. అరకిలో మినప్పప్పు రాత్రి పడుకునే ముందు నానబోసి ఫ్రిజ్‌లో పెడితే పులవదు, చల్లగా ఉంటుంది కాబట్టి రుబ్బేటప్పుడు మిక్సీ కూడా తొందరగా వేడెక్కదు. మూడు నాలుగు వాయిలుగా, మధ్యమధ్యలో ఆపుతూ రుబ్బండి. వేడెక్కి ఆగిపోతే భయపడొద్దు, చాలా మిక్సీలకి అడుగున చిన్న ఎర్ర బటన్ ఉంటుంది, కాసేపాగి అది నొక్కితే మళ్లీ తిరుగుతుంది. ఉప్పు, అల్లం, మిర్చి వేసేది నూనె కాగాకే. వెడల్పు బాణలి వద్దు, లోతుగా ఉన్న చిన్న మూకుడు పెడితే అర లీటరు నూనెతో వాయికి నాలుగు గారెలు పడతాయి. ఆ ముప్పావుగంట ఇరుకు వంటగదిలో ఒక్క మనిషే ఉండాలి, పిల్లల్ని గుమ్మం దాటనివ్వకండి, సాయం చేస్తామన్నవాళ్లకి హాల్లో పని చెప్పండి.

వేడి గిన్నెలు దించడానికి చోటు గురించి కూడా అడిగారు. మాకైతే బాల్కనీలో వాషింగ్ మెషీన్ మీద మందపాటి దుప్పటి మడిచి వేసి, దానిమీద చెక్క పలక పెట్టి అన్నీ అక్కడికే చేరుస్తాం. సింకు మీద ఒక పెద్ద ట్రే అడ్డంగా పెడితే అదీ గట్టే అవుతుంది, కాకపోతే అంట్లు ఎప్పటికప్పుడు ఎవరో ఒకరు తోమేస్తుండాలి, మా ఇంట్లో ఆ పని మావారిది.

ముందురోజు సాయంత్రం సిలిండర్ ఒకసారి కదిపి చూడండి, తేలిగ్గా అనిపిస్తే అప్పుడే మార్చేసుకోండి. వచ్చే పది మందిలో కారం తినని పిల్లలెంతమందో చెప్తే పులిహోరకి మిర్చి కొలత కూడా రాస్తాను.