పాత రియాక్ట్ ప్రాజెక్టు చేతికొచ్చిన అబ్బాయికి

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ చేతికొచ్చిన రియాక్ట్ (వెబ్ తెరలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) ప్రాజెక్టులో ఒక బటన్ మార్చడానికి ముందు అరడజను కాన్ఫిగ్ ఫైళ్లు, అంటే టూళ్లకు అమరికలు చెప్పే ఫైళ్లు, చదవాల్సి వస్తోందని రాశావు. వాటిని బట్టీ పట్టాలని కూర్చోకు. ఒక్కో టూలు ఏ లోటు తీర్చడానికి వచ్చిందో, ఆ లోటు ఇప్పటికీ ఉందో లేదో కనుక్కుంటే సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

ఒక ఫైలు మరో ఫైలును దిగుమతి చేసుకునే పద్ధతి జావాస్క్రిప్ట్ ప్రమాణంలోకి 2015లో గాని రాలేదు; అది ప్రధాన బ్రౌజర్లన్నిటిలో పనిచేసేసరికి 2018 అయింది. అంతకు ముందు నుంచే నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ను నడిపేది) కోసం రాసిన ప్యాకేజీలను, అంటే ఇతరులు రాసిపెట్టిన కోడ్ మూటలను, బ్రౌజర్‌లో వాడుకోవాలన్న అవసరం ఉండడంతో బ్రౌజరిఫై, వెబ్‌ప్యాక్ వంటి బండ్లర్లు (అనేక ఫైళ్లను కలిపి కట్టే టూళ్లు) పుట్టాయి. జావాస్క్రిప్ట్ కొత్త సింటాక్స్‌ను (రాసే తీరును) పాత బ్రౌజర్లకు అర్థమయ్యేలా మార్చడానికి బేబెల్ వచ్చింది. మీ బేబెల్ ఇంకా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 కోసం చాకిరీ చేస్తోందేమో చూడు. మైక్రోసాఫ్టే 2022 జూన్‌లో దాన్ని సాగనంపింది కనుక, వాడేవారెవరూ లేరని నిర్ధారించుకుని బ్రౌజర్ల జాబితాలోంచి తీసేయవచ్చు. అలాగని బేబెల్‌నే పీకేయకు. జేఎస్ఎక్స్‌ను (రియాక్ట్‌లో హెచ్‌టీఎంఎల్‌లా రాసే కోడ్‌ను) మామూలు జావాస్క్రిప్ట్‌గా మార్చే పని ఏదో ఒక టూలు చేయక తప్పదు.

మీ ప్రాజెక్టుకు ఆధారమైన క్రియేట్ రియాక్ట్ యాప్ (రియాక్ట్ ప్రాజెక్టును అమర్చి ఇచ్చే టూలు) 2016లో వచ్చినప్పుడు, వెబ్‌ప్యాక్, బేబెల్ కాన్ఫిగ్‌లను తన లోపలే దాచుకుని కొత్తవాళ్లకు ఎంతో మేలు చేసింది. కానీ దాచిపెట్టిన చిక్కు ఎక్కడికీ పోదు: ఎజెక్ట్ అని ఆజ్ఞ ఇవ్వగానే వందల వరుసల కాన్ఫిగ్ బయటపడుతుంది, వెనక్కి వెళ్లే దారి ఆ టూలులో లేదు. 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ బృందమే కొత్త ప్రాజెక్టులకు దాన్ని వాడవద్దని ప్రకటించింది. మీ వాళ్లు ఇంకా ఎజెక్ట్ చేయలేదంటే అదృష్టమే, నువ్వూ చేయకు.

ప్యాకేజీల విషయంలో మాత్రం చాదస్తంగానే ఉండు. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే పదకొండు వరుసల ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండాగారం) నుంచి తొలగించగానే, దాని పేరైనా వినని ఎందరివో బిల్డులు (కోడ్‌ను వాడకానికి సిద్ధం చేసే పనులు) ఆగిపోయాయి, ఎందుకంటే అది బేబెల్ వంటి వాటి అడుగున ఎక్కడో ఉంది. కాబట్టి లాక్ ఫైలును (ఏ ప్యాకేజీ ఏ వెర్షనో కచ్చితంగా రాసి ఉండే ఫైలును) తప్పకుండా గిట్‌లో, అంటే కోడ్ మార్పుల చరిత్ర దాచే చోట, ఉంచు. బిల్డ్ సర్వర్‌లో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ (npm install) ఆజ్ఞ బదులు ఎన్‌పీఎం సీఐ (npm ci) నడిపించు, అది లాక్ ఫైలులో ఉన్న వెర్షన్లనే తెస్తుంది, తేడా ఉంటే ఆగిపోతుంది.

క్రియేట్ రియాక్ట్ యాప్ వదిలి వీట్‌ (Vite) అనే బిల్డ్ టూలుకు మారదామని నువ్వు అన్నది మంచి ఆలోచనే, కానీ మారడం కోసం రియాక్ట్ వెర్షన్‌నూ, టెస్టు టూళ్లనూ అదే వారంలో కదపకు. ఏదైనా విరిగితే దేనివల్ల విరిగిందో తెలియదు. పేరు మొదట్లో REACT_APP_ అని ఉన్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్ల (కోడ్ బయట నుంచి అందించే విలువల) పేర్లు మార్చాలి, కోడ్‌లో వాటిని చదివే తీరూ మార్చాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, వీట్ టైప్‌స్క్రిప్ట్ (జావాస్క్రిప్ట్‌కు టైపులు జోడించిన భాష) టైపులను తీసేస్తుందే గాని సరిచూడదు. అందువల్ల టైపుల తనిఖీని బిల్డ్‌కు ముందు విడిగా నడిపే ఏర్పాటు మొదటి రోజే చేయించు.