డీజే బాక్సుల భయం పక్కన పెట్టి, ముందు ఒక్క నిమిషం పాట చేయించండి

ప్రశ్న: మాది గాజువాక. స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. ఇంజనీరింగ్ వద్దు, ఎలక్ట్రానిక్ మ్యూజిక్ ప్రొడ్యూసర్ అవుతానంటున్నాడు. లక్ష రూపాయల ల్యాప్‌టాప్ కావాలట. చిన్నప్పుడు వీణ నేర్చుకున్న వాళ్లమ్మ వాడి వైపే. పెళ్లిళ్లలో డీజే బాక్సులు పెట్టుకుని బతుకుతాడా?

జవాబు: మీ టెన్షన్ అర్థమైందండీ. కానీ డీజే వేరు, ప్రొడ్యూసర్ వేరు. డీజే ఉన్న పాటల్ని కలిపి వినిపిస్తాడు. ప్రొడ్యూసర్ ఆ పాటనే, అందులోని శబ్దాలతో సహా తయారు చేస్తాడు. మీవాడు అడిగేది రెండోది.

చరణ్‌జిత్ సింగ్ పేరు విన్నాడేమో అడగండి. ముంబైలో హిందీ సినిమా పాటలకు గిటారు, సింథసైజర్ (కరెంటుతో శబ్దాలు పుట్టించే వాయిద్యం) వాయించిన ఆర్టిస్టు. ఆర్.డి. బర్మన్ దగ్గరా పనిచేశారు. 1982లో రోలాండ్ అనే జపాన్ కంపెనీ యంత్రాలు మూడు పెట్టుకుని పది రాగాల్ని డిస్కో దరువు మీద రికార్డు చేశారు. దరువుకి టీఆర్-808, బేస్‌కి, అంటే కింది గంభీరమైన స్వరాలకి, టీబీ-303, రాగానికి జూపిటర్-8. ఈ 303ని కంపెనీ తయారు చేసింది, ఒంటరిగా గిటారు వాయించేవాళ్లకి బేస్ తోడుగా ఉంటుందని. అది బేస్ గిటారులా పలకనే లేదు. అమ్ముడుపోక కొన్నేళ్లకే ఆపేశారు. కాకపోతే అందులో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే ఏర్పాటు ఉంది. వీణ మీద ‘జారు’ ఎలా పలుకుతుందో మీ ఆవిడని వాయించమనండి, ఇది దానికి దగ్గరి చుట్టం. 1987లో షికాగో కుర్రాళ్లు ఇదే పెట్టె నాబ్‌లు తిప్పి యాసిడ్ హౌస్ అనే డ్యాన్స్ మ్యూజిక్ బాణీ తెచ్చారు. సింగ్ గారి రికార్డు దానికి ఐదేళ్లు పెద్దన్న!

మరి డబ్బులు? ఆ రికార్డుని అప్పట్లో పట్టించుకున్నవాళ్లు లేరు. 2010లో ఒక విదేశీ రికార్డు కంపెనీ మళ్లీ విడుదల చేశాకే పేరొచ్చింది. డెబ్బై దాటాక యూరప్‌లో కచేరీలు చేసి, 2015లో పోయారు. మధ్యలో ఆ 28 ఏళ్లూ పేరు అన్నం పెట్టలేదు, చేతిలో ఉన్న వాయిద్యం పెట్టింది. అందులో మీరు తీసిపారేసిన పెళ్లి వేదికలూ ఉన్నాయి.

అందుకే డిగ్రీ మానొద్దంటాను. సినిమా స్కూళ్లయిన పుణె ఎఫ్‌టీఐఐలో గానీ, కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లో గానీ సౌండ్ కోర్సులో పీజీకి డిగ్రీ కావాల్సిందే. ఈసీఈ తీసుకుంటే సిగ్నల్ ప్రాసెసింగ్ సిలబస్‌లోనే ఉంటుంది. సింథసైజర్‌లో ఫిల్టర్ (శబ్దంలో కొంత భాగాన్ని తగ్గించే ఏర్పాటు) తిప్పితే ఏం జరుగుతుందో లెక్కతో సహా తెలుస్తుంది. చెన్నైలో రహ్మాన్ గారి సంగీత పాఠశాల కేఎం కన్జర్వేటరీ కూడా ఉంది, ఫీజులు కనుక్కున్నాకే ఆశ పెట్టుకోండి.

ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనకండి. మా మేనల్లుడు ముచ్చటపడి కొన్న కీబోర్డు రెండేళ్లుగా మా అటక మీదే ఉంది. ఇంట్లో ఉన్న కంప్యూటర్లో ఎల్ఎంఎంఎస్ అనే పాటలు చేసే సాఫ్ట్‌వేర్ వేసుకోమనండి, ఉచితం. సింగ్ గారి రికార్డులో మొదటిది భైరవ్, అంటే మన మాయామాళవగౌళ స్వరాలే. సరళీ స్వరాలు మొదలుపెట్టేది దాంతోనే కదా. ఆ స్వరాలతో ఒక్క నిమిషం పాట, శబ్దాలన్నీ తనే తయారు చేసుకుని, పరీక్షలయ్యాక నెల రోజుల్లో చేయమనండి. రెడీమేడ్ లూపులు (ముందే చేసిపెట్టిన పాట ముక్కలు) అతికిస్తే లెక్కలోకి రాదు.

చేశాక మీరిద్దరూ కూర్చుని వినండి. అపస్వరం పడితే వాళ్లమ్మే పట్టేస్తారు.