చిన్న టోర్నడో జాడ తీయడానికి వెళ్తున్న నీకు

అమ్మాయ్,

మొదటిసారి సర్వే బాధ్యత నీకే అప్పగించారని తెలిసి సంతోషించాను. పెద్ద టోర్నడో అయితే దారి దానంతటదే కనిపిస్తుంది. రెండు నిమిషాలు నేలను తాకి పోయినదాంతోనే అసలు తంటా.

వీలైనంత త్వరగా బయల్దేరు. కొమ్మలు కోసి కుప్ప పోశాక అవి ఏ దిక్కుకు పడ్డాయో ఎవరూ చెప్పలేరు. నీకు ముందు కావలసింది ఆ దిక్కే, నష్టం లెక్క తర్వాత. పడిన ప్రతి చెట్టు దగ్గరా దిక్సూచి చూసి, కొస ఎటు ఉందో రాసుకో. జీపీఎస్ ఆన్‌లో పెట్టి ఫొటో తియ్యి. తర్వాత మ్యాపు మీద బాణాలు గియ్యి. అవి ఒక గీతవైపు మొగ్గితే టోర్నడో అయ్యే అవకాశం ఎక్కువ. విసనకర్రలా విచ్చుకుంటే మేఘం నుంచి కిందికి దూకిన గాలి, అంటే మైక్రోబరస్ట్.

ఇక్కడో చిక్కుంది. ఉత్తరార్ధగోళంలో టోర్నడోలు చాలావరకు అపసవ్యంగా తిరుగుతాయి. ముందుకు కదిలే వేగం కుడివైపు గాలికి కలుస్తుంది, ఎడమవైపు తగ్గుతుంది. అందుకే వేగంగా కదిలిన చిన్న టోర్నడో కుడివైపు చెట్లను ముందుకు పడగొట్టి, ఎడమవైపు దాదాపు ఏమీ చేయకపోవచ్చు. చూడగానే 'ఇది మామూలు ఈదురుగాలే' అని తేల్చేయకు. ఎడమ అంచున లోపలికో వెనక్కో పడిన కొమ్మల కోసం ఓపిగ్గా వెతుకు.

రేటింగ్ దగ్గర చెయ్యి బిగపట్టు. టోర్నడో తీవ్రతను చెప్పే ఈఎఫ్ (ఎన్‌హాన్స్‌డ్ ఫుజిటా) స్కేలులో ఈఎఫ్ 0 అంటే గాలి వేగం గంటకు 105 నుంచి 137 కిలోమీటర్లు, ఈఎఫ్ 1 అంటే 138 నుంచి 177. ఇవి నష్టాన్ని చూసి కట్టే అంచనాలే, కొలిచిన వేగాలు కావు. చెట్టు కూలిందంటే మొదలు పుచ్చిందా, నేల నానిందా చూడు. కప్పు లేచిపోతే దాన్ని దేంతో బిగించారో చూడు. పక్కనే చెక్కుచెదరని ఇల్లుంటే దానికీ ఫొటో తియ్యి.

తెగిన కరెంటు తీగల దగ్గరికి పోవద్దు, ఇది వేరే చెప్పాలా! అక్కడివాళ్లను 'టోర్నడో చూశారా' అని అడగకు, 'ఏం చూశారు, అప్పుడు టైమెంత' అను. వాళ్ల వీడియోల సమయాన్ని రాడార్‌తో సరిచూసుకో.

టోర్నడో దారి మొదలు, చివర గుర్తించేటప్పుడు నష్టం లేని చోట్లు కూడా నమోదు చెయ్యి. ఖాళీ మైదానంలో తగలడానికి ఏమీ లేకపోతే అక్కడ జాడ దొరక్కపోవచ్చు. డ్రోన్ ఉంటే గడ్డి వాలు చూడు. టోర్నడో వచ్చిందని వీడియో రుజువు చేస్తున్నా, దారిలో ఎక్కడా నష్టం దొరక్కపోతే ఈఎఫ్‌యూ అని రాయి, అంటే తీవ్రత తెలియదని. ఎవరు తొందరపెట్టినా అక్కడ సున్నా వేయకు.