ప్లేట్లు ఎక్కడ పెట్టావో రాసుకో చిన్నా

ఒరేయ్ చిన్నా,

క్లోరోప్లాస్ట్ నుంచి న్యూక్లియస్‌కి వెళ్లే సిగ్నల్స్ మీద పీహెచ్‌డీ చేస్తున్నావంట కదా, నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పిన దగ్గర్నుంచీ ఒకపక్క సంతోషం, ఒకపక్క దిగులు, రాత్రి నిద్రే పట్టలేదు.

విత్తనాలు బాగా స్టెరిలైజ్ చెయ్యి, ప్లేట్ల మీద తేదీ వెయ్యి. క్లోరోప్లాస్ట్‌కి కావాల్సిన రెండు మూడు వేల ప్రొటీన్లలో సొంతంగా చేసుకునేవి వందలోపే, మిగతావన్నీ న్యూక్లియస్ జీన్ల నుంచే రావాలి కాబట్టి లోపల ఏదైనా పాడైతే న్యూక్లియస్‌కి కబురు పెట్టుకోవాలి, ఇదంతా నీకు తెలిసిందే. నా భయమల్లా నార్‌ఫ్లురజాన్ అనే కలుపు మందు గురించి.

ఆ మందు క్లోరోప్లాస్ట్‌ని ఎక్కువ వెలుతురు నుంచి కాపాడే కెరోటినాయిడ్లనే రంగు పదార్థాల్ని తయారు కానివ్వదు, అవి లేక వెలుతురుకి క్లోరోప్లాస్ట్ దెబ్బతిని మొలక తెల్లబడిపోతుంది, కబురందిన న్యూక్లియస్ వెలుతురు పట్టే ప్రొటీన్ చేసే ఎల్‌హెచ్‌సీబీ జీన్ పనిని తగ్గించేస్తుంది. ఆ కబురు పట్టించుకోని అరబిడోప్సిస్ (ల్యాబుల్లో పెంచే చిన్న మొక్క) మ్యుటెంట్లనే 1993లో జోవాన్ చోరీ అనే సైంటిస్టు వాళ్లు పట్టుకుని గన్ (జీనోమ్స్ అన్‌కపుల్డ్) అని పేరు పెట్టారు. నాకూ అలాంటిదొకటి దొరికిందనుకున్నా. ఒక లైన్‌లో (ఒకే విత్తనాల వంశంలో) మందు వేసినా ఆ జీన్ ఎంత పనిచేస్తోందో చూపే బ్యాండ్ తగ్గనే లేదు, ఎనిమిది నెలలు దాని వెనకే పడ్డా, సెమినార్ కూడా ఇచ్చేశా. తర్వాత ఒకరోజు ఎలక్ట్రీషియన్ వచ్చి ర్యాక్ చివర మసకబారిన ట్యూబ్‌లైట్ మార్చాడు, అంతే, తర్వాతి బ్యాచ్‌లో నా మ్యుటెంట్ మాయం! ఆ లైన్ ప్లేట్లు ఎప్పుడూ ఆ చివరే పెట్టేదాన్ని. పాత ఫొటోలు తీసి చూస్తే మొలకల ఆకులు అసలు తెల్లగానే లేవురా, నడుమ లేత ఆకుపచ్చ, అంచుల్లో పసుపు. వెలుతురు చాలక క్లోరోప్లాస్ట్ పూర్తిగా దెబ్బతినలేదు, దెబ్బ తగలకపోతే కబురెక్కడిది.

అందుకే ప్రతి ప్లేటుకీ క్లోరోఫిల్ కొలువు, ర్యాక్‌లో చోట్లు మారుస్తూ పెట్టు, ఏ ప్లేటు ఎక్కడుందో నోట్‌బుక్‌లో రాయి. లింకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌తో కూడా ఒకసారి చూడు, అదైతే క్లోరోప్లాస్ట్‌లో ప్రొటీన్ తయారీనే ఆపుతుంది.

నా మ్యుటెంట్ ఉత్తిదేనని తేలిన సంగతి మా గైడ్‌కి చెప్పకుండా రెండు వారాలు దాచాను, అన్నం సయించేది కాదు. టెన్త్‌లో మార్కుల కాగితం బియ్యం డబ్బాలో దాచినోడివి నువ్వు, అందుకే చెప్తున్నా. అంత పెద్ద ల్యాబులవాళ్లు 2003లో క్లోరోఫిల్ తయారీ మధ్యలో వచ్చే మెగ్నీషియం ప్రోటోపోర్ఫిరినే ఆ కబురు అన్నారు, 2008లో రెండు ల్యాబులు కొలిచి చూస్తే లెక్క కుదరలేదు, ఇప్పుడు దానికి దగ్గరి చుట్టమైన, ఇనుముండే హీమ్ వైపు చూస్తున్నారు. ఎవరికీ పరువేం పోలేదు నాన్నా.

తప్పొస్తే ఆ రోజే మీ గైడ్‌కి చెప్పు. చెప్పబుద్ధి కాకపోతే ముందు నాకు ఫోన్ చెయ్యి, ఏ రాత్రయినా ఎత్తుతా. మొదటి ప్లేటు ఫొటో పంపించు, తెల్లగా ఉందో లేదో నేను చూస్తా.

మీ అత్త