పంపు విప్పే ముందు మీటరు తియ్యండి
(విజయవాడ ఆటోనగర్‌లో మిషన్ల వైరింగ్ పనిచేసే మేస్త్రి పాఠకులకు ఇచ్చిన జవాబులు)

ప్రశ్న: మేస్త్రి గారూ, దుగ్గిరాల దగ్గర కాలవ పూడికతీతలో మా ఇరవై టన్నుల పొక్లెయిన్ పెట్టాం. పొద్దున బాగానే పనిచేస్తుంది. ఎండెక్కాక ఉన్నట్టుండి బూమ్, బకెట్, స్వింగ్, ట్రాకులు అన్నీ ఒక్కసారే ఆగిపోతున్నాయి. ఇంజను మాత్రం మామూలుగానే నడుస్తుంది. అరగంట ఆపి స్టార్ట్ చేస్తే మళ్లీ కదులుతుంది. చూసినాయన మెయిన్ పంపు పోయింది, దింపాలంటున్నాడు. కాలవకి నీళ్లొదిలేలోపు పని అయిపోవాలి. ఏం చెయ్యమంటారు?
– ఒక ఓనరు, తెనాలి

జవాబు: పంపు జోలికి అప్పుడే పోకండి. పంపు అరిగితే మిషను నీరసపడుతుంది. ఆయిలు వేడెక్కేకొద్దీ బూమ్ నెమ్మదిస్తుంది, లోడు ఎత్తలేక మూలుగుతుంది. అంతేగానీ అన్నీ ఒక్కసారే పోయి, చల్లారాక అన్నీ ఒక్కసారే రావు. నా అనుమానం పైలట్ లైను మీద.

మీరు లివరు కదిపితే స్పూలుని, అంటే ఆయిలు దారి మార్చే కడ్డీని, తోసేది మెయిన్ పంపు ఆయిలు కాదు, చిన్న గేర్ పంపు 35–40 బార్‌లో పంపే పైలట్ ఆయిలు. అది లివర్ల దాకా పోయే దారిలో ఒక సోలినాయిడ్ వాల్వు, అంటే తీగచుట్టకి (కాయిల్‌కి) కరెంటిస్తే తెరుచుకునే వాల్వు, కాపలా ఉంటుంది. సీటు పక్కనున్న లాక్ లివరుని పని పొజిషన్‌లో పెడితే లిమిట్ స్విచ్ కలిసి, చాలా మోడళ్లలో రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) మీదుగా, ఆ కాయిల్‌కి 24 వోల్టులు అందుతాయి. ఈ గొలుసులో ఎక్కడ తెగినా మిషను మొత్తం బొమ్మలా నిలబడుతుంది.

మీ కుర్రాళ్లు ఏం చేస్తుంటారో ఇక్కణ్ణుంచే చెప్పగలను. మిషను ఆగగానే కీ తీసేసి, టీకి వెళ్లొచ్చి, తీరిగ్గా మీటరు పెడతారు. అప్పటికి కాయిల్ చల్లారిపోతుంది, అన్నీ భేషుగ్గా చూపిస్తాయి. ఆగినప్పుడే పట్టుకోవాలి. బూమ్ గాల్లో ఉండగా ఆగితే కిందికి మనిషిని పోనివ్వకండి, లివర్ల మీద ఎవరి చెయ్యీ ఉండకూడదు. ఇంజను ఆపి, కీ మాత్రం ఆన్‌లో ఉంచి, వేడి మీదే మొదలుపెట్టండి.

ముందు మీటరు కూడా వద్దు. కాయిల్ నట్టుకి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, హెల్పర్‌ని లాక్ లివరు ఎత్తి దించమనండి. కరెంటు పారుతుంటే మొనని అతుక్కున్నట్టు లాగుతుంది, లాక్ వెయ్యగానే వదిలేస్తుంది. లాగుతోందంటే కరెంటు తప్పు లేదు. వాల్వు లోపలి స్పూలు పట్టేసిందేమో, పైలట్ ప్రెషరు ఎంతుందో గేజి పెట్టి చూసుకోవాలి. లాగలేదా, అప్పుడు మీటరు తియ్యండి.

కనెక్టరు ఊడదీసి వోల్టులు కొలవొద్దు. ఇక్కడే సగంమంది పప్పులో కాలేస్తారు. జాయింటు తుప్పుపట్టి పేరుకి మాత్రమే తగులుతున్నా ఊడదీసిన కనెక్టరులో 24 చూపిస్తుంది, కాయిల్ తగిలించగానే పడిపోతుంది. అందుకని కనెక్టరు ఉండగానే వెనకనుంచి సన్న ప్రోబు దూర్చి, రెండోది బ్యాటరీ మైనస్ మీద పెట్టండి. ప్లస్ పిన్ను దగ్గర 15, 16 వస్తుంటే పైన రిలే, లిమిట్ స్విచ్, జాయింట్లు చూడండి. 24 నిండుగా ఉంటే మైనస్ పిన్ను చూడండి. అక్కడ అర వోల్టు దాటకూడదు. అక్కడా 24 కనపడిందంటే కాయిల్ మంచిదే, ఎర్త్ తెగింది. ప్లస్‌లో 24, మైనస్‌లో సున్నా, స్క్రూడ్రైవర్ మాత్రం లాగదు – అంటే కాయిల్ లోపల తీగ తెగింది.

మీది ఆఖరిదే అయుండొచ్చు. తెగిన కొసలు చల్లగా ఉన్నప్పుడు తగులుకునే ఉంటాయి, వేడికి విడిపోతాయి. రోహిణీ కార్తెకి రోళ్లే పగులుతాయంటారు, వెంట్రుకంత రాగితీగ ఎంత! కనెక్టరు తీసి వేడి మీద ఓములు కొలిస్తే తేలిపోతుంది. చల్లగా 40 ఓములున్న కాయిల్ 60 డిగ్రీలు వేడెక్కితే 49, 50 చూపడం మామూలే, దానికి కంగారు పడకండి. అసలేమీ చూపకపోతే పోయినట్టే.

చాలా మిషన్లలో ట్రాక్ స్పీడు కాయిల్ కూడా అదే బ్లాకు మీద, అదే సైజులో ఉంటుంది. నట్టు విప్పి కాయిల్స్ అటూ ఇటూ మార్చి చూడండి, ఆయిలు కారదు. పాత కాయిల్‌తో పాటు జబ్బు కూడా ట్రాక్ స్పీడుకి పోతే కొత్త కాయిల్ కొనుక్కోండి, పని నడుస్తుంది. పని ఆగుతోందని లిమిట్ స్విచ్‌కి వైరు ముక్కతో డైరెక్ట్ మాత్రం ఇవ్వకండి. కేబిన్ దిగుతూ మోచెయ్యి లివరుకి తగిలితే బకెట్ ఎవరి మీదికి పోతుందో తెలీదు. అలా డైరెక్ట్ ఇచ్చిన మిషను నా షాపుకొస్తే ముందు ఆ ముక్క పీకేస్తాను, తర్వాతే మిగతా పని.

ప్రశ్న: మేస్త్రి గారూ, మా వారి మిషను కొండపల్లి వైపు తిరుగుతుంది, లెక్కలు నేను చూస్తాను. స్క్రీన్ మీద పంపు ప్రెషర్ సెన్సర్ అని ఎర్రర్ వస్తోందని రెండుసార్లు కొత్త సెన్సర్ వేయించాం. ఎర్రర్ పోలేదు. మెకానిక్ మోసం చేస్తున్నాడా?
– ఒక గృహిణి, ఇబ్రహీంపట్నం

జవాబు: మోసం కాకపోవచ్చమ్మా, స్క్రీన్ మాట నమ్మాడంతే. ఆ సెన్సర్‌కి చాలావాటిలో మూడు వైర్లు: 5 వోల్టుల సప్లై, ఎర్త్, సిగ్నల్. ప్రెషరు లేనప్పుడు సిగ్నల్ అర వోల్టు దగ్గర, పూర్తి ప్రెషరులో నాలుగున్నర దగ్గర ఉండాలి. ఆ 5 వోల్టులని మూడు నాలుగు సెన్సర్లు పంచుకుంటాయి. వాటిలో ఒకటి లోపల షార్ట్ అయినా అందరి సప్లై పడిపోతుంది, స్క్రీన్ ఇంకోదాని పేరు చెబుతుంది.

కీ ఆన్ చేసి ఆ కనెక్టరులో 5 ఉందో లేదో చూడమనండి. లేకపోతే మిగతా సెన్సర్లు ఒక్కొక్కటే ఊడదీస్తూ పోవాలి. ఏది తీయగానే 5 తిరిగొచ్చిందో అదే దొంగ. అన్నీ తీసినా రాకపోతే వైరింగే. బూమ్ పిన్ను దగ్గర, పంపు వెనక క్లాంపుల కింద ఇన్సులేషన్ అరిగిందేమో వెతకాలి. ఎలకలు కొరికిన వైర్లు కూడా చూశాను, అవి మోడల్ చూసి కొరకవు. ఈ వైర్ల మీద టెస్ట్ లాంప్ పెట్టనివ్వకండి, కంట్రోలర్ (మిషను కంప్యూటరు) పోతుంది. తీసేసిన సెన్సర్లు పారేయకండి, అవి మంచివే అయుండొచ్చు.

ప్రశ్న: మిషను మీదే బకెట్‌కి వెల్డింగ్ చేయించాం. తర్వాత కీ వేస్తే స్క్రీన్ రావట్లేదు. కంట్రోలర్ కాలిందా?
– ఆపరేటర్, గుంటూరు

జవాబు: వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ తీసి, కంట్రోలర్ కనెక్టర్లు ఊడదీసి, వెల్డింగ్ ఎర్త్‌ని పని జరిగే చోటికి దగ్గరగా కట్టాలి. ఈసారికి ముందు ఫ్యూజులు, స్క్రీన్‌కీ కంట్రోలర్‌కీ వచ్చే 24, వాటి ఎర్త్ చూడండి. అవి సరిగా ఉంటే బ్యాటరీ తీసేసి రెండు క్యాన్ వైర్ల (స్క్రీనూ కంట్రోలరూ మాట్లాడుకునే జంట వైర్ల) మధ్య ఓములు కొలవండి. 60 దగ్గర రావాలి. 120 వస్తే ఒక పక్క లైను తెగినట్టు, సున్నా అయితే రెండు వైర్లూ షార్ట్. ఇవేవీ కాకపోతేనే కంట్రోలర్ రేటు అడగండి.